చెవిలో ఎముక పెరిగితే వినికిడి ఎందుకు తగ్గుద్ది?

గుణుపూర్ నుంచి అడిగిన అక్కా, మీ ఆడపడుచుకి డాక్టర్ చెప్పిన 'చెవిలో ఎముక పెరగడం' చాలావరకు ఓటోస్క్లెరోసిస్ అయ్యుంటది. స్టేపిస్ అని ఇంచుమించు 3 మిల్లీమీటర్ల ఎముక, ఒంట్లోకెల్లా చిన్నది, అది కదిలితేనే శబ్దం లోపలి చెవిలోని ద్రవానికి అందుద్ది, దాని అడుగున కొత్త ఎముక పేరుకుంటే తుప్పు పట్టిన తలుపు బందులా బిగుసుకుపోద్ది, ఇక చెవి పొర బాగానే ఉన్నా మాట లోపలికి సరిగ్గా పోదు. విచిత్రం ఏంటంటే బస్టాండ్ గోలలో కొందరికి మాట బాగానే తెలుస్తది, అందుకే ఇంట్లోవాళ్లు నటన అనుకుంటారు పాపం. ఆడవాళ్లలో ఎక్కువ, వంశంలో కూడా వస్తది. ఎముక కాక్లియా దాకా (లోపలి చెవిలో నత్త గుల్లలా ఉండి శబ్దాన్ని నరానికి అందించే భాగం) పాకితే నరం వైపు వినికిడీ తగ్గుద్ది, దాన్ని స్టేపిస్ ఆపరేషన్ బాగుచెయ్యలేదు. నూనెలు పొయ్యకండి, బరంపురంలో ఈఎన్‌టీకి చూపించి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి, హియరింగ్ ఎయిడ్ గానీ స్టేపిస్ బదులు చిన్న పిస్టన్ పెట్టే ఆపరేషన్ గానీ చెప్తారు.