కన్సల్టెంట్లు పెట్టిన మేనేజ్‌మెంట్ ఆపరేటింగ్ సిస్టమ్ (రోజువారీ మీటింగులు, బోర్డులు, తనిఖీలతో ప్లాంటు నడిపే పద్ధతి) ఆరు నెలలకే చప్పబడింది. మళ్లీ ట్రైనింగ్ ఇప్పించాలా, సాఫ్ట్‌వేర్ కొనాలా?

రెండూ వద్దు. ముందు మీ ప్లాంట్ హెడ్ క్యాలెండర్ తెచ్చుకుని చూడండి. గత నెలలో పొద్దున మీటింగ్‌కు ఆయన ఎన్నిసార్లు వచ్చారు? "కస్టమర్ కాల్ ఉంది, మీరు కానిచ్చేయండి" అని ఎన్నిసార్లు అన్నారు? జబ్బు అక్కడుంటే మందు సూపర్‌వైజర్లకు వేస్తున్నారు మీరు.

మీటింగులు పెట్టడం అందరికీ వచ్చు. షిఫ్ట్ మొదలయ్యే ముందు లైన్ దగ్గర నిలబడి పది నిమిషాలు, తొమ్మిదింటికి డిపార్ట్‌మెంట్ హెడ్‌లు పావుగంట, ఆ తర్వాత ప్లాంట్ హెడ్‌తో ఇరవై నిమిషాలు. బోర్డు మీద సేఫ్టీ, క్వాలిటీ, డెలివరీ, ఖర్చు. ఇంతవరకు కన్సల్టెంట్ చేసి పెడతాడు, ఫోటోలు తీసుకుని బిల్లు తీసుకుని వెళ్తాడు. పైకి వెళ్లిన సమస్యకు జవాబు ఎప్పుడు, ఎవరి ద్వారా కిందికి రావాలన్న నిబంధన మాత్రం రాయడు.

ప్రెస్ మీద హైడ్రాలిక్ సీల్ కారుతోందనుకోండి. సోమవారం సూపర్‌వైజర్ బోర్డు మీద రాశాడు. స్పేర్ స్టోర్స్‌లో లేదంది మెయింటెనెన్స్. పీఓ (కొనుగోలు ఆర్డరు) సంతకం కోసం ఆగి ఉందంది పర్చేజ్. ఈ సంగతి అదే పొద్దున మూడో మీటింగ్‌కు చేరాలి, మర్నాడు లైన్ మీటింగ్ మొదలయ్యేలోపు జవాబు దిగాలి. "ఈ నెల కొనలేం, అప్పటిదాకా షిఫ్ట్‌కు రెండుసార్లు ఆయిల్ లెవల్ చూడండి" అన్నా సరే, అదీ జవాబే. ఏమీ రాకపోతే మంగళవారం మళ్లీ రాస్తాడు, బుధవారం రాస్తాడు, గురువారం మానేస్తాడు. బోర్డు మీద ఎరుపు, అంటే సమస్య ఉందని చెప్పే రంగు, తగ్గుతుంది. పైవాళ్లు పరిస్థితి మెరుగుపడిందనుకుంటారు. మీ దగ్గర జరిగింది ఇదేనని పందెం కాస్తాను.

ఎరుపు గురించి ఫోర్డ్ సంగతి చెప్పాలి. 2006 సెప్టెంబరులో బోయింగ్ నుంచి అలన్ ములాలీ అక్కడికి సీఈఓగా వచ్చి, ప్రతి గురువారం బిజినెస్ ప్లాన్ రివ్యూ అని పెట్టారు. పెద్ద అధికారులంతా తమ చార్టులకు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసుకుని రావాలి. ఆ ఏడాది కంపెనీ సుమారు 1,270 కోట్ల డాలర్ల నష్టం మూటగట్టుకుంది. చార్టులన్నీ మాత్రం పచ్చగా కళకళలాడుతున్నాయి! అమెరికా ఖండాల వ్యాపారం చూసే మార్క్ ఫీల్డ్స్ ఒక వారం ఎరుపు చూపించారు. కెనడాలోని ఓక్‌విల్ ప్లాంటులో కొత్త ఎడ్జ్ మోడల్‌కు వెనక డోర్ దగ్గర సమస్య వచ్చింది, బండ్లు పంపకుండా ఆపేశారు. గదిలో అందరూ బిగుసుకుపోయారు. ఇక ఆయన ఉద్యోగం ఊడినట్టేననుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టి, దీనికి ఎవరు సాయం చేయగలరని అడిగారు. తర్వాతి వారాల్లో మిగతావాళ్ల చార్టులకూ పసుపు, ఎరుపు రంగులు వచ్చాయి.

ఈ కథ చెప్పేవాళ్లంతా చప్పట్ల దగ్గర ఆగిపోతారు. నా లెక్కలో అసలు సంగతి ఆ పై గురువారం. మీటింగ్ మళ్లీ జరిగింది, అవే చార్టులు, ఫోన్లు చూసుకోవడం లేదు, సీఈఓ స్వయంగా కూర్చున్నారు. మన దగ్గర, శ్రీసిటీ కానీండి పాశమైలారం కానీండి, ఎరుపు చూపినవాణ్ణి పదిమంది ముందు నిలబెట్టి "ఏం సమాధానం చెప్తావ్?" అంటే, ఆ ప్లాంటులో మళ్లీ ఎరుపు చూడాలంటే కస్టమర్ కంప్లెయింటే రావాలి. ఇంకో దరిద్రం, పచ్చ రంగు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి కేఆర్‌ఏలో (ఉద్యోగి పనితీరు కొలిచే లక్ష్యాల్లో), ఇంక్రిమెంట్‌లో కలపడం. అంకెలు వండించాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు. ఏ అంకె దాటితే ఎరుపో ముందే రాసి పెట్టండి, రంగు మీద బేరాలు ఉండవు. టార్గెట్ ఒక నెల తప్పితే కారణం ఒక్క వాక్యంలో చాలు. వరుసగా రెండు నెలలు తప్పితే పేరు, తేదీ ఉన్న సమస్య పరిష్కార షీటు. మూడో నెలా తప్పితే ఆ ప్లానునే మేనేజ్‌మెంట్ ముందు పెట్టాలి.

సిస్టమ్‌కు ఒక యజమాని కావాలి. క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌కు అప్పగించకండి, ఐఎస్ఓ (క్వాలిటీ ప్రమాణాల) ఫైళ్లలో కలిసిపోతుంది. ఐఎస్ఓ 9001 ప్రణాళిక ప్రకారం మేనేజ్‌మెంట్ రివ్యూ చేయమంటే, చాలాచోట్ల ఏడాదికోసారి స్లైడ్లు తిప్పి మమ అనిపిస్తారు, ఆడిట్ ముందురోజు రాత్రి కూర్చుని రిజిస్టర్లు నింపుతారు. యజమాని ప్లాంట్ హెడ్డే. ఆయన కింద పూర్తికాలం ఒక మనిషి ఉంటే చాలు. ఆ మనిషి ఉత్పత్తి అంకెలు చూడక్కర్లేదు, మూడు సంగతులు చూస్తే చాలు: మీటింగులు టైముకు మొదలవుతున్నాయా, ఒప్పుకున్న పనుల్లో గడువులోపు ఎన్ని పూర్తవుతున్నాయి, పైకి వెళ్లిన సమస్యల్లో అన్నిటికంటే పాతది ఎన్ని రోజులుగా పడి ఉంది. మూడోది వారం దాటితే ప్లాంట్ హెడ్‌నే అడగాలి, అడిగే ధైర్యం ఉన్న మనిషినే పెట్టాలి.

తనిఖీకి కమిషిబాయ్ కార్డులు (బోర్డుకు తగిలించే రెండు రంగుల తనిఖీ కార్డులు) చవక. ఒకవైపు ఎరుపు, ఒకవైపు ఆకుపచ్చ, కార్డుకు ఐదారు ప్రశ్నలు, ఐదు నిమిషాల పని; తప్పు దొరికితే ఎరుపు వైపు తిప్పి పెట్టాలి. సూపర్‌వైజర్ రోజుకొకటి, మేనేజర్ వారానికొకటి, ప్లాంట్ హెడ్ నెలకొకటి తీయాలి. నెలంతా ఒక్క ఎరుపూ రాకపోతే ప్రశ్నలు పనికిరావని అర్థం, మార్చేయండి. మేనేజర్ కార్డులో "మెషిన్ శుభ్రంగా ఉందా" అని ఉండకూడదు. "సూపర్‌వైజర్ నిన్న చూశాడా, తప్పు దొరికితే ఏం చేశాడు" అని ఉండాలి. ఇలాంటి నిర్ణీత పనులకు సూపర్‌వైజర్ షిఫ్ట్‌లో సగం, డిపార్ట్‌మెంట్ హెడ్ టైములో పావు వంతు, ప్లాంట్ హెడ్‌కు పదో వంతు పోతుంది. అంత టైము లేదంటారా, అయితే సిస్టమ్ పెట్టుకోకండి.

బోర్డు మీద అంకెలు కలుపు మొక్కల్లా పెరుగుతాయి. హెడ్డాఫీసు ఒకటి అడుగుతుంది, కస్టమర్ ఇంకోటి. లైన్ బోర్డుకు ఆరు మించనివ్వకండి, కొత్తది రావాలంటే పాతది ఒకటి దిగాలి. మార్చే అధికారం మూడు నెలలకోసారి జరిగే రివ్యూకే ఉండాలి.

అన్నిటికంటే పెద్ద గండం ప్లాంట్ హెడ్ బదిలీ. కొత్తాయన తన పాత కంపెనీ ఫార్మాట్ చంకలో పెట్టుకుని వస్తాడు. రెండు వారాలు పాతాయనతో కలిసి అన్ని మీటింగుల్లో నిలబడాలి, మొదటి 90 రోజులు టైములు, బోర్డులు ఏవీ మార్చకూడదు. ఇది ఆయన చేరకముందే ఎండీ నోటితో చెప్పించండి. చేరాక చెబితే వినరు.

సాఫ్ట్‌వేర్ మాట అడిగారు కాబట్టి: చేత్తో రాసే బోర్డు ఏడాదిపాటు నడిచాక ఆలోచించండి. మార్కర్‌తో తన చేత్తో రాసిన అంకె సూపర్‌వైజర్‌కు గుర్తుంటుంది, గోడ మీది టీవీలో తిరిగే అంకెను ఎవరూ చూడరు. వాట్సాప్ గ్రూపులో బోర్డు ఫోటో పెట్టి, కింద బొటనవేళ్లు వరుసగా పడితే మీటింగ్ అయిపోయినట్టు లెక్కేసే అలవాటు ఉంటే దాన్ని రేపే ఆపించండి. సాఫ్ట్‌వేర్‌కు పెట్టే డబ్బుతో ముందు ఆ ప్రెస్ సీల్ కొనండి.