ఎడమ చెయ్యి వినపడాలి తల్లీ

చిట్టితల్లీ,

ఫిలడెల్ఫియాలో మీ మాస్టారి ఆర్గన్ ట్రియో, అదే ఆర్గన్‌తో కలిపి ముగ్గురు వాయించే జట్టు, కచేరీని నువ్వే రికార్డు చేస్తున్నావని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. ఎంత గర్వంగా ఉందో అంత టెన్షన్‌గానూ ఉంది, అందుకే రాస్తున్నా.

ముందు కరెంటు సంగతి. హామండ్ బీ-3 ఆర్గన్ నుంచి దాని స్పీకరు పెట్టె లెస్లీకి వెళ్ళే ఆ లావుపాటి కేబుల్‌లో పాట సిగ్నల్ ఒక్కటే కాదు, గోడ ప్లగ్గులో ఉండే కరెంటు కూడా పోతుంది. స్విచ్ ఆపకుండా దాన్ని పీకావో, వదులైన పిన్నుకి టేపు చుట్టి నడిపించావో, నేను ఊరుకోను. ఈ ముక్క రెండుసార్లు చదువు.

మైకులు, బ్యాటరీలు, ఖాళీ కార్డులు నీకు చెప్పక్కర్లేదు. రెండు మిషన్లలో ఒకేసారి ఎక్కించు, అంతే.

అసలు చెప్పాల్సింది ఇది. నేను న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో శనివారాలు ఒక రికార్డిస్టు వెంట కేబుళ్ళు మోసేవాణ్ణి. ఒక ఆర్గన్ ట్రియోకి ఆయన లెస్లీ పైభాగంలో తిరిగే హార్న్ ఎదుట రెండు మంచి మైకులు పెట్టి, కింద ఏమీ పెట్టలేదు. లెస్లీలో శబ్దం 800 హెర్ట్జ్ దగ్గర చీలుతుంది కదా, పై స్వరాలు హార్న్‌కి, మంద్రమంతా కింద ఉన్న 15 అంగుళాల స్పీకరుకి. హాల్లో ఆ మంద్రం మా కాళ్ళకి తగులుతూనే ఉంది కాబట్టి లోటున్నట్టు ఎవరికీ తట్టలేదు. తర్వాత ఆ ఆర్గనిస్టు టేపు వినడానికి వచ్చాడు. పాట మొదలవగానే మోకాలి మీద ఎడమచేతి వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు, కాసేపటికి ఆ వేళ్ళు ఆగిపోయాయి. "నా ఎడమ చెయ్యేది?" అన్నాడు. రికార్డిస్టు గబగబా బాస్ పెంచితే డ్రమ్ముల మోత పెరిగింది తప్ప ఆయన చెయ్యి మాత్రం రాలేదు. ట్రియోలో బాస్ వాయించే మనిషి వేరే ఉండడు, ఆ చెయ్యీ, దానికి తోడుగా పాదమే బాస్. పెద్దాయన ఇంకేమీ అనకుండా కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. నాకు ఇప్పటికీ ఆ మొహమే గుర్తొస్తుంది.

అందుకని కింద ఒక మైకు తప్పనిసరిగా పెట్టు. మరీ దగ్గరగా పెట్టకు, ఆ స్పీకరు శబ్దాన్ని తిప్పే రోటరు జోరుగా తిరిగితే మైకుకి గాలి కొట్టి పాట పాడవుతుంది, కాస్త ఎడంగా, వారగా పెట్టి సౌండ్‌చెక్‌లో మాస్టార్ని లెస్లీ తిరిగే వేగం పెంచమను.

ఈలోగా ఆర్గనిస్టు జిమ్మీ స్మిత్ ఆల్బం 'గ్రూవిన్ ఎట్ స్మాల్స్ ప్యారడైజ్' విను. ఆయన మీ పక్కనున్న నారిస్‌టౌన్‌లోనే పుట్టాడు. 1957 నవంబరు 15న న్యూయార్క్ హార్లెంలోని స్మాల్స్ ప్యారడైజ్ క్లబ్బులో రూడీ వాన్ గెల్డర్ అనే రికార్డిస్టు దాన్ని రికార్డు చేశాడు. గిటార్ మీద ఎడ్డీ మెక్‌ఫాడెన్, డ్రమ్స్ మీద డోనాల్డ్ బెయిలీ, అంతే, బాస్ వాద్యకారుడు లేడు. మొదటిసారి ఎడమ చెయ్యి ఒక్కటే పట్టుకుని విను. ఇంకోటి, నీ రికార్డింగులో జనం చప్పుళ్ళు తుడిచెయ్యకు, అవి ఉంటేనే అది కచేరీ.

నీకు చెవి ఉందిరా. చిన్నప్పుడు తాతయ్య హార్మోనియం మీద మంద్రం మెట్టే నొక్కి పట్టుకుని, తిత్తి నన్ను ఊపమని గంటలు గంటలు కూర్చోబెట్టేదానివి. అప్పుడు విసుక్కున్నాను కూడా.

అర్ధరాత్రి సామానుతో ఒక్కదానివే కారు నడుపుకుంటూ వెళ్ళొద్దు. మాకు టిక్కెట్లు కొనేశాను, నేనూ పిన్నీ వస్తున్నాం, సామాను మా కార్లో వేద్దాం. పిన్ని పులిహోర చేసి తెస్తానంటోంది, సౌండ్‌చెక్‌కి ముందే తినాలి.

నీ బాబాయి