పోచమ్మ బోనం అయ్యేదాకా ఫ్లూ టీకా ఆపాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా అత్తమ్మకు 67 ఏళ్లు. షుగర్, ఆయాసం ఉన్నాయి. వానలు పడకముందే ఫ్లూ టీకా వేయిద్దామంటే ఒప్పుకోవడం లేదు. సూదితో ఒంట్లో వేడి చేస్తుందని, కరోనా టీకాకు రెండు రోజులు జ్వరం వచ్చిందని, శ్రావణంలో పోచమ్మకు బోనం చేశాక చూద్దామని అంటోంది. వేయిస్తే ఎన్ని రోజులు పథ్యం ఉండాలి?

జవాబు: ముందుగా ఒక మాట, ఆమెతో వాదనకు దిగకండి. అమ్మవారు పోసినప్పుడు సూది వేయిస్తే తల్లికి కోపం వస్తుందని మన పల్లెల్లో పెద్దలు ఇప్పటికీ నమ్ముతారు. జ్వరం, సూది, పోచమ్మ ఆమె మనసులో ఒకదానితో ఒకటి ముడిపడి ఉండొచ్చు. మూఢనమ్మకం అన్నారంటే ఇంకా బిగుసుకుంటారు. మొక్కు మొక్కుగానే తీర్చుకోవచ్చని, టీకా దానికి అడ్డం కాదని ఆమె మాట వినే మనిషితో, కొడుకుతోనో ఆడబిడ్డతోనో, చెప్పించండి.

నాకు ఆందోళనగా ఉన్నది శ్రావణం దాకా ఆగడం గురించే. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో బాగా పెరుగుతుంది, చలికాలంలో మళ్లీ వస్తుంది. టీకా వేశాక రక్షణ రావడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. ఆగితే సగం వానాకాలం రక్షణ లేకుండానే గడుస్తుంది. షుగర్, ఆయాసం ఉన్న మనిషికి ఫ్లూ న్యుమోనియాగా మారే ముప్పు ఎక్కువ.

చేతికి వేసే ఫ్లూ ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు, కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. వేడి చేయడమని ఆమె అంటున్నది ఇదే. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే జ్వరం వచ్చినా టెన్షన్ పడరు. టీకా వేశాక కూడా కొందరికి ఫ్లూ వస్తుంది కానీ ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం తగ్గుతుంది.

ఇక పథ్యం. అసలు అవసరం లేదు. గుడ్డు, మాంసం, పులుపు ఏదీ మానక్కర్లేదు. పథ్యం పేరుతో అన్నం తగ్గించి షుగర్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవ్వొచ్చు. టీకా కంటే నాకు దీని భయమే ఎక్కువ. దయచేసి కడుపు నిండా తిననివ్వండి.

ఇప్పుడు జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వేయించండి. ఇంతకుముందు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించాలి. న్యుమోనియా టీకా వేరే ఉంది, దాని గురించి కూడా అదే రోజు అడగండి.