చిన్న కోతతో వాల్వ్ ఆపరేషన్ సేఫేనా?

"అమ్మకు గుండెలో మైట్రల్ వాల్వ్ (రక్తం వెనక్కి పోకుండా ఆపే కవాటం) మార్చాలి. ఒక డాక్టర్ ఛాతీ మధ్యలో కోయాలంటున్నారు, ఇంకొకరు పక్కటెముకల సందులోంచి చిన్న కోత చాలంటున్నారు. ఏది సేఫ్?" అని మీరు అడిగారు. మా అమ్మకు చిన్న కోతతోనే చేయించాం. అలవాటైన చెయ్యి అయితే రెండూ సేఫే. కోత సైజు కాదు, ఆ సర్జన్ ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారో అడగండి.

మాది పరకాల దగ్గర పల్లె. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం అమ్మ వాల్వును పాడుచేసింది. పత్తి ఏరుతుంటే ఆయాసం వస్తోందని హనుమకొండలో ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే బయటపడింది. ఆపరేషన్ హైదరాబాద్‌లో. ముందురోజు స్కానింగ్‌లో గజ్జల దగ్గర రక్తనాళాలు చూస్తుంటే, "గుండెకు ఆపరేషనైతే తొడకాడ సూస్తున్రేంది బిడ్డా?" అని అమ్మ టెన్షన్. ఆపరేషన్ అయ్యేదాకా గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషీన్ గొట్టాలు అక్కడినుంచే వేస్తారట, నాళాలు బాగుండాలి. అవసరమైతే ఛాతీ మొత్తం తెరుస్తామని కూడా సంతకం తీసుకున్నారు. మా బాబాయి దానికి గొడవ పెట్టుకున్నాడు గానీ, నాకు ఆ మాటతోనే సర్జన్ మీద నమ్మకం కుదిరింది.

2023లో బ్రిటన్‌లో వాల్వ్ రిపేర్ చేయించుకున్న 330 మంది మీద చేసిన స్టడీ వచ్చింది. చిన్న కోత వాళ్లు ఆస్పత్రి నుంచి కాస్త ముందు ఇంటికి పోయారు. మూడు నెలలకు రెండు రకాల వాళ్లూ ఒకేలా ఉన్నారు. మీరు ఊహించుకున్నంత తేడా లేదన్నమాట.

అసలు ఇబ్బంది ఇంటికొచ్చాకే. మేడారం జాతర నుంచి వచ్చాక అమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. నాకు చెప్తే హనుమకొండ తీసుకుపోతానని, చెప్పకుండా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయింది. ఆయన మెట్రోనిడజోల్ గోళీలిచ్చి, ఒళ్లునొప్పులకని పిరుదుకు సూది వేశాడు. వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వాడే మనిషికి ఆ మెట్రోనిడజోల్ రక్తాన్ని ఇంకా పల్చన చేస్తుంది. కండకు వేసిన సూదితో లోపల రక్తం గూడుకట్టుకుంది. నేను చూసేసరికి పిరుదు నుంచి మోకాలి వెనక దాకా వంకాయ రంగు, ముట్టుకుంటే గట్టిగా ఉంది. 2.5 నుంచి 3.5 మధ్య ఉండాల్సిన ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే పరీక్ష) ఆరు దాటింది. అడ్మిట్ చేసి, ఎసిట్రోమ్ ఆపి, దానికి విరుగుడుగా విటమిన్ కె ఇచ్చారు.

ఆర్‌ఎంపీని నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "ఛాతీ మీద కుట్లు లేవు గదా, మామూలు మనిషే అనుకున్న."

కుట్లు రొమ్ము కింద, జాకెట్ లోపల ఉంటాయి మరి. ఛాతీ మధ్యలో పెద్ద గీత ఉంటే ఊరంతా జాగ్రత్త చెప్పేది. చిన్న కోత కదా అని మా చుట్టాలు అమ్మకు బిందెలు మోయించడానికీ వెనకాడలేదు. వాళ్లే మళ్లీ గోంగూర ముట్టొద్దని నీతులు! ఆకుకూరల్లోనూ ఆ విటమిన్ కె ఉంటుంది, అయినా తినొచ్చు, ఒక వారం దండిగా, ఇంకో వారం అసలే లేకుండా కాకుండా ఎప్పుడూ ఒకే మోతాదులో తినమని మా డాక్టర్ చెప్పారు. ఇప్పుడు వాల్వ్ కార్డు, గోళీల చీటీ అమ్మ రొండిన సంచిలోనే ఉంటాయి. పన్ను పీకించుకోవడానికి పోయినా ముందు ఆ కార్డు చూపించాల్సిందే.

మెటల్ వాల్వా, టిష్యూ వాల్వా (జంతువుల కణజాలంతో చేసింది) అన్నది కూడా ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి. టిష్యూదైతే మామూలుగా ఎసిట్రోమ్ జీవితాంతం అక్కర్లేదు గానీ పదిపదిహేనేళ్లకు మళ్లీ మార్చాల్సి రావచ్చు. మీ అమ్మగారి వయసెంతో రాయలేదు.