మా అమ్మాయి ప్రాజెక్ట్ కొననంటోంది, మీరైనా చెప్పండి

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. మిర్చి వేస్తాం. మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్‌ఈ ఫైనల్ ఇయర్. మేజర్ ప్రాజెక్ట్‌కి నలుగురు ఒక బ్యాచ్. మిగతా ముగ్గురూ అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనేద్దామంటున్నారు. మా అమ్మాయి మాత్రం సెలవులకు వచ్చినప్పుడు మా చేలో మిర్చి ఆకుల ఫొటోలు తీసుకెళ్లి, తెగులు గుర్తుపట్టే ప్రోగ్రామ్ తనే తయారు చేస్తోంది. అది 71 శాతం ఫొటోల్ని సరిగ్గా గుర్తుపడుతోందట. గైడ్ గారేమో ‘71 ఏం బాగుంటుంది, 95 పైన ఉన్నట్టు రాసుకురండి’ అన్నారట. జర్నల్‌లో ఒక పరిశోధన పేపర్ కూడా వేసి అందులో హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారి పేరు పెట్టమన్నారట. ఈ పిల్ల దేనికీ ఒప్పుకోవడం లేదు. ప్లేస్‌మెంట్ల టైమ్‌లో ఈ పంతాలేంటని నాకు టెన్షన్‌గా ఉంది. మీరైనా నచ్చజెప్పండి సార్.

జవాబు: 71ని 95 అని రాయమని మాత్రం నేను మీ అమ్మాయికి నచ్చజెప్పలేనండీ. ఆ ఒక్క విషయంలో ఆమె మాటే కరెక్ట్. అయితే ‘నేను ఒప్పుకోను’ అని కూర్చుంటే పని నడవదు. దేనికి గట్టిగా నిలబడాలి, దేన్ని ఎలా అడగాలి, ఎవరితో ఎప్పుడు మాట్లాడాలి అన్నది కూడా ఇంజనీరు నేర్చుకోవాల్సిన పనే. ఆమెకు ప్రస్తుతం కొరతగా ఉన్నది అదేనని మీ ఉత్తరం చదివితే అనిపించింది.

ముందు ఆ 71 గురించి. మిర్చి రైతుకి నేను చెప్పాలా? ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఒకదానికి కొట్టే మందు చాలాసార్లు రెండోదానికి పనిచేయదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి రెండు రాష్ట్రాల్లోనూ మిర్చి తోటల్ని ఏం చేసిందో మీరు కళ్లారా చూసే ఉంటారు. రేపు ఎవరో ఈ ప్రోగ్రామ్‌ని ఫోన్లో పెట్టుకుని, 95 శాతం కరెక్ట్ అని నమ్మి, నల్లికి తామర పురుగు మందు కొట్టారనుకోండి. నష్టం గైడ్ గారికీ రాదు, వైవాకి బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కీ రాదు. కాలేజీల్లో ఎథిక్స్ సబ్జెక్ట్ ఉంటుంది, పిల్లలు పరీక్ష ముందు రోజు రాత్రి చదివి పాసవుతారు, దాంతో అది అయిపోతుంది. ‘ఈ అంకె తప్పయితే ఎవరి చేను పోతుంది?’ అన్న ప్రశ్న ఆ పేపర్లో రాదు. మీ అమ్మాయికి అది ఎవరూ అడక్కుండానే తట్టింది, బహుశా మీ చేను వల్లే.

71 అంటే నామోషీ పడాల్సిన అంకె అని కూడా అనుకోకండి. కంప్యూటర్‌తో మొక్కల తెగుళ్లు గుర్తుపట్టే పనిలో ఉన్నవాళ్లలో చాలామందికి తెలిసిన డేటాసెట్ (ఫొటోల సేకరణ) ప్లాంట్‌విలేజ్. 54 వేల పైచిలుకు ఫొటోలు. ఆకుని కోసి, సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి. 2016లో వాటితో చేసిన ఒక పరిశోధనలో మోడల్ (ఫొటోలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్) అక్యురసీ, అంటే సరిగ్గా చెప్పినవి, 99.35 శాతం వచ్చింది. అదే మోడల్‌కి వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇచ్చేసరికి 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ రెండో అంకెని వాళ్లు దాచలేదు, అదే పేపర్లో రాశారు. ల్యాబ్ ఫొటోలతో నేర్చిన మోడల్ బయట తడబడుతుందని తర్వాతివాళ్లకు తెలియడానికి అదీ ఒక కారణం. చేలో ఎండా నీడా, మట్టీ, పక్క ఆకులూ కలిసిపోయిన ఫొటోల మీద వచ్చిన 71కి ఒక అర్థం ఉంది. కొనుక్కొచ్చే ప్రాజెక్ట్‌లో 98 అని ఉంటే అది ఏ ఫొటోల మీద వచ్చిందో చాలాసార్లు అమ్మినవాళ్లకే తెలియదు.

అయితే ఆమెకు ఒక మాట చెప్పండి. గైడ్ దగ్గరికి వెళ్లే ముందు తన 71ని కూడా ఒకసారి అనుమానించాలి. ఒకే ఆకుని నాలుగు కోణాల్లో ఫొటో తీసి, మూడింటితో మోడల్‌కి నేర్పి, నాలుగోదానితో పరీక్ష పెడితే మార్కులు ఊరికే పెరుగుతాయి. కావాలని చేసేవాళ్లకంటే తెలియక చేసేవాళ్లే ఎక్కువ. అందుకే మీ చేలో ఫొటోలతో నేర్పి, పక్క ఊళ్లో మరో రైతు చేలో తీసిన వాటితో పరీక్షించి చూడమనండి. 71 కాస్తా 60 కావచ్చు. అయితే 60 అనే రాయాలి. ఎదుటివాళ్ల అంకెల్ని ప్రశ్నించే పిల్లకి ఈ మాత్రం కష్టం తప్పదు.

ఇక గైడ్ గారు. ఆయన్ని విలన్‌ని చేయొద్దు. ఆయన చేతిలో ఎన్ని బ్యాచ్‌లున్నాయో, ఫైళ్లలో అంకెలు బాగుండాలని ఆయన మీద ఎంత ఒత్తిడి ఉందో మనకు తెలియదు. ‘మీరు చెప్పింది తప్పు సార్’ అంటే గొడవే మిగులుతుంది. దానికి బదులు ఒక టేబుల్ పట్టుకెళ్లాలి. మిర్చి ఆకుల్ని కోసి, తెల్ల కాగితం మీద ఒకే వెలుతురులో ఫొటోలు తీసి, వాటి మీద మోడల్ ఎంత తెచ్చుకుందో ఒక వరస. చేలో తీసిన వాటి మీద ఎంత వచ్చిందో ఇంకో వరస. ‘సార్, రెండూ పెడదాం, తేడా ఎందుకొచ్చిందో ఒక పేజీ రాస్తాను’ అనమనండి. మొదటి వరసలో బహుశా ఆయన కోరుకునే పెద్ద అంకె వస్తుంది, అదీ నిజంగా వచ్చిందే. రెండో వరస వల్ల ప్రాజెక్ట్‌కి చెప్పుకోదగ్గ విషయం దొరుకుతుంది. చాలామంది గైడ్‌లు దీనికి అడ్డు చెప్పరని నా నమ్మకం. చెప్తే మాత్రం ఆమె తగ్గకూడదు. రిపోర్ట్ మొదట్లో ‘ఇది మేము స్వయంగా చేసిన పని’ అన్న డిక్లరేషన్ కింద సంతకం ఆమెది.

ఉద్యోగాల సంగతి అడిగారు కాబట్టి ఒకటి చెప్తాను. వోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల మోసం 2015లో బయటపడింది. పొగ పరీక్ష జరుగుతున్నప్పుడు కారులోని సాఫ్ట్‌వేర్ ఆ సంగతి పసిగట్టి, అప్పుడు మాత్రం నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేది. రోడ్డెక్కాక మళ్లీ మామూలే. ప్రపంచమంతా కలిపి సుమారు కోటీ 10 లక్షల కార్లు. ఆ వ్యవహారంలో జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకి 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలు వేసింది. ఆయన కంపెనీ ఓనరేం కాదు, ఇంజనీరు.

నాకు ఇందులో ఎక్కువ నచ్చేది అవతలి పక్షం కథ, అంటే ఆ మోసం బయటపడటానికి కారణమైనవాళ్లది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో ఒక చిన్న ల్యాబ్. మన దేశం నుంచి వెళ్లి అక్కడ చదువుకున్న అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న ఆ టీమ్‌లో ఉన్నారు. కార్లలో పొగని కొలిచే పరికరాలు పెట్టుకుని రోడ్ల మీద తిరిగారు. వోక్స్‌వ్యాగన్ పసాట్ కారునైతే లాస్ ఏంజెలెస్ నుంచి సియాటెల్ దాకా నడిపారు. ఎవరినో పట్టుకుందామని బయల్దేరలేదు వాళ్లు. అంకెలు అసహజంగా కనిపిస్తే ముందు తమ పరికరాల్నే అనుమానించి మళ్లీ చూసుకున్నారు. అదే కంపెనీ జెట్టా కారు నైట్రోజన్ ఆక్సైడ్లను అనుమతించిన పరిమితికి 15 నుంచి 35 రెట్లు వదులుతోందని తేలింది. వచ్చింది వచ్చినట్టే రాశారు. అంత పెద్ద కంపెనీ దొరికిపోవడం అక్కడ మొదలైంది.

ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ మీద మొదటి ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్తారు. ‘డేటా ఎక్కడిది? ఏ తెగులుని ఏ తెగులుగా పొరబడుతోంది? ఎందుకు?’ అన్న చోట కొన్న ప్రాజెక్ట్ ఆగిపోతుంది. మీ అమ్మాయి అక్కడి నుంచి అరగంట మాట్లాడగలదు. రేపు పీహెచ్‌డీ వైపు వెళ్తే, రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అని యూజీసీ పెట్టిన రెండు క్రెడిట్ల కోర్సు అక్కడ ఎలాగూ చదవాలి.

హెచ్‌ఓడీ పేరు విషయంలో నా సలహా మీకు కాస్త మెత్తగా అనిపించొచ్చు. గైడ్ నిజంగా పని చూసి, దిద్ది ఉంటే ఆయన పేరు ఉండటం న్యాయమే. ఏ పనీ చేయనివారి పేరు రచయితల్లో ఉండకూడదు, వారికి చివర కృతజ్ఞతల్లో చోటుంది. కానీ దీని మీద పోట్లాడక్కర్లేదు. కాలేజీ నిబంధనల్లో పేపర్ తప్పనిసరి కాకపోతే పేపరే వద్దనుకోవచ్చు. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నల్‌లో పేపర్ పడి ఆమెకు ఒరిగేదేమీ లేదు.

మిగతా ముగ్గురి మీద ఎవరికీ కంప్లయింట్ చేయొద్దనండి. వాళ్లలో ఒకరిద్దరికి భయం కావచ్చు, టైమ్ సరిపోదేమోనని. ఒకరికి యాప్ స్క్రీన్లు, ఒకరికి ఫొటోల సేకరణ, ఒకరికి రిపోర్ట్ అని పని పంచి చూడమనండి. ఖమ్మం వచ్చి రెండు రోజులు చేలో తిరగడానికి కనీసం ఒక్కరైనా ఉత్సాహపడతారు, భోజనాలు మీరు చూసుకోండి.

మీరు పైకి రాయకపోయినా మీ భయం నాకు అర్థమైంది. ఇలాంటి పిల్ల రేపు ఉద్యోగంలో ఇబ్బందులు కొనితెచ్చుకుంటుందేమోనని. అది ఉత్త భయమేమీ కాదు. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాలపై ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన సత్యేంద్ర దూబే అనే ఇంజనీరుని 2003లో గయలో చంపేశారు. తన పేరు బయటపెట్టొద్దని ఆయన ఆ లేఖలోనే కోరారు. అందుకే ఒంటరిగా, ఆవేశంగా కాకుండా, కాగితం మీద పెట్టి, తోడు చూసుకుని మాట్లాడటం ఆమె ఇప్పుడే అలవాటు చేసుకోవాలంటున్నాను. ఇప్పుడైతే పోతే నాలుగు ఇంటర్నల్ మార్కులు పోతాయి.

ఆఖరికి ముగ్గురూ కొనడానికే సిద్ధమైతే, వేరే బ్యాచ్‌గా లేదా ఒక్కదాన్నే చేస్తానని మొదటి రివ్యూకి ముందే ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌కి రాతపూర్వకంగా అడగాలి. రివ్యూ అయిపోయాక బ్యాచ్ మార్చడం కష్టం. తేదీ ఎప్పుడో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.