ఆభా నంబర్ తీసుకుంటే నా రిపోర్టులన్నీ ప్రభుత్వం చేతిలోకి వెళ్లిపోతాయా? అసలు దాంతో ఉపయోగం ఏమిటి?

వెళ్లవు. ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబర్, అంతే. మీ రక్తపరీక్ష ఏ ల్యాబ్‌లో చేశారో ఆ రిపోర్టు అక్కడి కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఇంకో డాక్టర్ చూడాలంటే మీ ఫోన్‌కి అనుమతి అడుగుతూ రిక్వెస్ట్ వస్తుంది. ఏ రిపోర్టులు చూపాలి, ఎన్నాళ్లు చూపాలి అన్నది మీ ఇష్టం. ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా.

మా అమ్మ రిపోర్టులన్నీ ఒక బట్టల షాపు కవర్లో ఉంటాయి. పోయినసారి కార్డియాలజిస్టు పాత ఈసీజీ అడిగితే తీసి చూపించాం. థర్మల్ కాగితం కదా, గీతలన్నీ వెలిసిపోయి తెల్లకాగితం మిగిలింది. మళ్లీ తీయించాల్సి వచ్చింది. ఇలాంటి తిప్పలు తప్పించడానికే 2021 సెప్టెంబర్‌లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా మొదలుపెట్టింది. ఆభా నంబర్ ఇచ్చేది ఈ మిషన్ కిందే.

వెంటనే కనిపించే లాభం ఓపీ కౌంటర్ దగ్గర. క్యూఆర్ కోడ్ ఉన్న ఆసుపత్రుల్లో ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా వాటంతటవే నమోదై టోకెన్ వస్తుంది.

చిక్కల్లా ఒకటే: ఆసుపత్రి ఈ వ్యవస్థలో చేరి, రిపోర్టును మీ నంబర్‌కి జోడిస్తేనే అది దానంతటదే కనిపిస్తుంది. చీటీ మీద చేత్తో రాసిచ్చే చిన్న క్లినిక్కులవి వాటంతటవే అందులోకి రావు. కాబట్టి ఆ కవర్ ఇప్పుడే పారేయకండి.

అన్నట్టు, 5 లక్షల వైద్యబీమా ఇచ్చే ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.