డిజైన్ ప్యానెల్‌లో మనవాళ్లెవరు?

ప్రశ్న: పెద్ద కట్టడాల డిజైన్లను ముందే పరిశీలించే ప్యానెల్ వరంగల్‌లో పెట్టాలని మా కాలనీవాళ్లం అర్జీ రాస్తున్నాం. ఆర్కిటెక్టులు చాలు, జనం కూర్చుంటే గొడవే అని కొందరంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, కరీమాబాద్

జవాబు: గొడవ కావాలమ్మా, కాకపోతే పునాది తవ్వకముందే కావాలి. ఆర్కిటెక్టులు, స్ట్రక్చరల్ ఇంజినీరు, పురావస్తు నిపుణులు ఎలాగూ ఉండాలి. వేయిస్తంభాల గుడి, ఖిలా లాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ చట్టం ప్రకారం 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతితోనే. అది దాటాక లేచే అద్దాల గోడను ఆ చట్టం పట్టించుకోదు. ప్యానెల్ పని అక్కడే.

నా ఓటు మాత్రం నీళ్లు చూసినవాళ్లకే. 2020 ఆగస్టు వానలకు హన్మకొండ కాలనీలు మునిగాయి కదా, నయీంనగర్ నాలా ఎటు పొంగుతుందో ప్లాన్ గీసేవాళ్లకన్నా అక్కడుండే ఇల్లాలికి బాగా తెలుసు.

పేర్లకు వెతుకులాట అక్కర్లేదు. 2019 మున్సిపల్ చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలున్నాయి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. మొదటి మూడింటి నుంచే అడగండి. ప్రముఖులు పిలవకపోయినా వస్తారు!

అర్జీలో ఇది మరవకండి: సభ్యుల సొంత ప్రాజెక్టు, చుట్టాల ప్రాజెక్టు చర్చకొచ్చిన రోజు వాళ్లు గది బయట కూర్చోవాలి.